కీబోర్డు కొనేముందు చెయ్యి కొలవండి

మా ఆసుపత్రి స్టాఫ్ నర్సు ఒకావిడ ఈమధ్య రౌండ్స్ అయ్యాక నన్ను ఆపారు. వాళ్లబ్బాయి ఇంజినీరింగ్‌లో చేరాడట. గేమింగ్ కీబోర్డు, మౌస్ కావాలని పట్టుబట్టి కూర్చున్నాడట. "వాడు తొమ్మిది వేలది చూపిస్తున్నాడు సార్. మా ఆయనేమో తొమ్మిది వందలది చాలంటున్నారు. మీరు చెబితే ఇద్దరూ వింటారు" అన్నారు.

నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని. కొన్నేళ్ల క్రితమైతే నవ్వేసి, కంప్యూటర్ షాపులో అడగమని చెప్పి వెళ్లిపోయేవాణ్ని. ఇప్పుడు మాత్రం ఆగి, "మీవాడి చెయ్యి ఎంత పొడవుంటుందమ్మా? కూర్చుని ఆడే టేబుల్ ఎంత ఎత్తు?" అని అడిగాను. ఆవిడ నన్ను అదోలా చూశారు.

ఆ ప్రశ్నలు నాకు ఒక పేషెంటు నేర్పాడు. బీటెక్ రెండో ఏడాది కుర్రాడు. కుడి మణికట్టుకి క్రేప్ బ్యాండేజీ తనే చుట్టుకుని, తండ్రితో కలిసి ఓపీకి వచ్చాడు. మణికట్టు నొప్పి, రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ రావడం. నేను నొప్పి మాత్ర రాశాను, బీ12 రాశాను, షుగరు, థైరాయిడ్ పరీక్షలు రాశాను. అన్నీ మామూలుగానే ఉన్నాయి. రెండు వారాలకి మళ్లీ వచ్చాడు. మందు మార్చాను. మూడోసారి వచ్చినప్పుడు అతని ముఖం వాడిపోయి ఉంది. సెమిస్టర్ పరీక్షలో మూడో గంటకి పెన్ను పట్టు తప్పిందట. రెండు ప్రశ్నలు తెలిసి కూడా రాయలేక వదిలేసి వచ్చాడట.

ఆ రోజు అదృష్టవశాత్తూ జనం తక్కువ. "రోజూ ఈ చేత్తో ఏం చేస్తుంటావు నాన్నా?" అని అడిగాను. "చదువేనండీ, కంప్యూటర్ కోర్సు కదా" అని తండ్రి జవాబిచ్చారు. కుర్రాడు నేల చూపులు చూశాడు. తండ్రిని బయట కూర్చోమన్నాక అసలు సంగతి చెప్పాడు. రాత్రి పదిన్నర నుంచి మూడింటి దాకా షూటింగ్ గేమ్. ఆడే టేబుల్ ఫొటో ఉందా అంటే ఫోన్లో చూపించాడు. రంగురంగుల లైట్లతో ధగధగలాడుతున్న కీబోర్డు, దాని పక్కన టేబుల్ అంచుకి నెట్టేసినట్టు మౌస్, చంకల దాకా వచ్చే ఎత్తైన టేబుల్, ప్లాస్టిక్ కుర్చీ. నేను నెలన్నరగా వైద్యం చేస్తున్న జబ్బుని కళ్లారా చూడ్డం అదే మొదటిసారి. తొలిరోజే అడగాల్సిన ప్రశ్న మూడోసారి అడిగాను. ఆ తప్పు నాదే.

ఇలాంటి కేసుల్లో మా వాళ్లలో చాలామంది చెప్పేది ఒకటే: "ఆటలు మానేయండి." నేను ఒప్పుకోను. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఆ మాట చెబితే మన ముందు తలూపుతాడు, రాత్రికి మళ్లీ ఆడతాడు, ఈసారి నొప్పి వచ్చినా మన దగ్గరికి రాడు. క్రికెట్ ఆడి భుజం నొప్పితో వచ్చినవాడికి బంతి ఎలా విసురుతున్నావని అడుగుతాం కదా. కంప్యూటర్ ఆటకీ అదే మర్యాద ఇవ్వాలన్నది నా అభిప్రాయం. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఈ–స్పోర్ట్స్‌కి పతకాలు కూడా ఇచ్చారు.

మణికట్టులో ఉన్న ఇరుకు

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే మిగతాది సులభం. మణికట్టు లోపల, అరచేతి వైపు, ఒక సన్నని సొరంగం ఉంటుంది. అడుగున, పక్కల ఎముకలు, పైన గట్టి పట్టీ లాంటి కణజాలం. వేళ్లని ముడిచే తొమ్మిది టెండన్లు, ఒక నరం ఇందులోంచే వెళ్లాలి. సిటీ బస్సు ఫుట్‌బోర్డు మీద పదిమంది వేలాడినట్టు. మణికట్టు నిటారుగా ఉన్నంతసేపు ఎలాగో సర్దుకుంటాయి. పైకి వంచినా, కిందికి వంచినా లోపల ఒత్తిడి పెరుగుతుంది. నలిగేది నరం. అప్పుడు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. దీన్నే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు.

ఇక్కడ ఒక మాట నిజాయతీగా చెప్పాలి. కంప్యూటర్ వాడకం వల్లే ఈ జబ్బు వస్తుందని గట్టిగా తేలలేదు, అధ్యయనాలు ఒక్క మాట మీద లేవు. షుగరు, థైరాయిడ్ లోపం, ఊబకాయం, గర్భం లాంటివి బలమైన కారణాలు. అందుకే పరీక్షలు రాయడం తప్పు కాదు, అక్కడితో ఆగిపోవడం తప్పు. పైగా గేమ్స్ ఆడేవాళ్లలో నేను ఎక్కువగా చూసేది పూర్తి స్థాయి కార్పల్ టన్నెల్ కాదు. టెండన్ల వాపు, బొటనవేలి మొదట్లో నొప్పి, ముంజేయి బిగుసుకుపోవడం, భుజం నొప్పి. వీటికి కారణం మణికట్టు గంటల తరబడి ఒకే వంకరలో బిగుసుకుని ఉండటం. ఆ వంకర ఎంతన్నది సగం మీరు కొన్న వస్తువుని బట్టి, సగం దాన్ని పెట్టిన చోటుని బట్టి ఉంటుంది.

అందుకే ఏ బ్రాండు అన్నది నాకు ఆఖరి ప్రశ్న. మొదటిది, ఆ కీబోర్డుకి కుడిపక్కన అంకెల గడి ఉందా లేదా అన్నది.

అంకెల గడితో ఏం పని?

పూర్తి సైజు కీబోర్డులో 104 మీటలుంటాయి, వెడల్పు దాదాపు 45 సెంటీమీటర్లు. కుడివైపు చివర అంకెల గడి. బ్యాంకు ఉద్యోగికి, అకౌంట్లు చూసేవాళ్లకి అది అవసరం. ఆట ఆడేవాళ్లలో ఎక్కువమందికి దాంతో పనే ఉండదు. ఎడమచెయ్యి డబ్ల్యూ, ఏ, ఎస్, డి మీటల మీద ఉంటుంది, కుడిచెయ్యి మౌస్ మీద. ఈ రెండు చేతుల మధ్యా పనికిరాని ఆ గడి ఓ బెత్తెడు చోటు ఆక్రమించుకుంటుంది. దాంతో మౌస్ కుడిపక్కకి జరిగిపోతుంది. మౌస్ వెంట చెయ్యి, చెయ్యి వెంట భుజం. ఒకసారి మీ కుడిచేతిని శరీరానికి దూరంగా, పక్కకి చాచి పది నిమిషాలు ఉంచి చూడండి. భుజం, మెడ మధ్య కండరం ఎలా పీకుతుందో తెలుస్తుంది. పిల్లలు దాన్ని నాలుగు గంటలు భరిస్తున్నారు. ఆట వేడిలో వాళ్లకి తెలియదు, పొద్దున్న లేచాక తెలుస్తుంది.

అంకెల గడి లేని కీబోర్డులు దొరుకుతాయి. దుకాణంలో టెన్‌కీలెస్ అని అడగండి. 87 మీటలు, వెడల్పు దాదాపు 36 సెంటీమీటర్లు. ఇంకా చిన్నవి, 60 శాతం అని పిలిచేవి, 30 సెంటీమీటర్ల లోపే. నా ఓటు టెన్‌కీలెస్‌కి. మరీ చిన్నదాంట్లో బాణం గుర్తు మీటలు కూడా ఉండవు. అదే కీబోర్డు మీద కాలేజీ ప్రాజెక్టులు కూడా చేసుకోవాలి కదా. 'చిన్నదానికి డబ్బులెక్కువా' అని తల్లిదండ్రులు ఆశ్చర్యపోతారు, మీటలు తక్కువైనప్పుడు ధర తగ్గాలిగా అని. కూరగాయల లెక్క ఇక్కడ పనికిరాదు.

ఈ డబ్ల్యూ, ఏ, ఎస్, డి వెనుక ఓ సరదా కథ ఉంది. మొదట్లో చాలామంది బాణం మీటలతో ఆడేవారు. అవి కుడివైపు ఉంటాయి కాబట్టి రెండు చేతులూ ఒకే మూలకి కుక్కుకునేవి. అమెరికాలో డెనిస్ ఫాంగ్ అనే ఆటగాడు ఎడమవైపు మీటలతో ఆడి గెలుస్తూ రావడంతో ఆ పద్ధతి పాకిపోయింది. 1997లో క్వేక్ టోర్నమెంటులో ఆయన ఏకంగా ఫెరారీ కారు గెలుచుకున్నాడు. కారు సంగతి అటుంచితే, లక్షలమంది భుజాలకి ఆ ఒక్క మార్పుతో కాస్త ఊరట దొరికి ఉంటుందని నాకనిపిస్తుంది.

కీబోర్డు వెనుక రెండు చిన్న కాళ్లుంటాయి. కొనగానే అందరూ వాటిని లేపి నిలబెడతారు, అందుకే ఇచ్చారు కాబోలని. దాంతో వెనుకభాగం ఎత్తుగా లేచి, మణికట్టు పైకి వంగాల్సి వస్తుంది. మడిచేయండి. నయాపైసా ఖర్చు లేని వైద్యం ఇది. మీటల ముందు మెత్తని పట్టీ కొనేవాళ్లు దాని మీద మణికట్టు నొక్కి పెట్టి ఆడకండి. సొరంగం పైకప్పు మీద బరువు మోపినట్టే అవుతుంది. ఆట మధ్య విరామంలో అరచేతి మడమని ఆనించుకోవడానికి మాత్రమే అది.

మీటల రకాల గురించి పిల్లలకి నాకంటే బాగా తెలుసు. రెడ్, బ్లూ, బ్రౌన్ అంటూ గంట మాట్లాడగలరు. నాకు తెలిసినంతలో విషయం ఇంతే. చవక కీబోర్డుల్లో మీట కింద రబ్బరు పొర ఉంటుంది, అడుగు దాకా నొక్కితే గానీ పని చేయదు. మెకానికల్ కీబోర్డుల్లో ఒక్కో మీటకీ సొంత స్ప్రింగు ఉంటుంది. జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ రెడ్ స్విచ్‌నే తీసుకుంటే, మీట 4 మిల్లీమీటర్లు కిందికి వెళ్లగలదు, కానీ 2 మిల్లీమీటర్ల దగ్గరే నొక్కినట్టు నమోదవుతుంది. కావలసిన బలం 45 గ్రాముల బరువంత. తేలికగా ఆడటం నేర్చుకున్న వేలికి సగం దూరం ఆదా. నేర్చుకోని వేలికి మాత్రం ఎంత ఖరీదైన మీటా ఒకటే, తలుపు బాదినట్టు బాదుతుంది. ఇంకో సంగతి. చవక కీబోర్డుల్లో మూడు నాలుగు మీటలు ఒకేసారి నొక్కితే కొన్నిసార్లు ఒకటి నమోదు కాదు. ఆడేవాడికి అది తన తప్పనిపిస్తుంది. ఇంకా గట్టిగా నొక్కుతాడు. తొమ్మిది వందలదానితో సరిపెట్టమన్న తండ్రికి నేను చెప్పే అభ్యంతరం ఇదొక్కటే.

బ్లూ స్విచ్ టిక్కుటిక్కుమని మోగుతుంది. పక్క గదిలో నానమ్మ పడుకునే ఇంట్లో అది వద్దు. అయితే ఒక తల్లి నాతో అన్న మాట కూడా చెప్పాలి. "ఆ చప్పుడే మంచిది సార్, అర్ధరాత్రి ఒంటిగంటకి వాడు ఆడుతున్నాడో పడుకున్నాడో నా మంచం మీద నుంచే తెలిసిపోతుంది" అన్నారామె. వైద్యపరంగా ఆ వాదనకి నా దగ్గర జవాబు లేదు.

చిటికెన వేలి గురించి కూడా కాస్త ఆలోచించండి. చాలా ఆటల్లో కిందికి వంగడానికి కంట్రోల్ మీట, పరిగెత్తడానికి లేదా నెమ్మదిగా నడవడానికి షిఫ్ట్ మీట ఉంటాయి. రెండూ చిటికెన వేలి వాటాయే. చేతిలో అన్నిటికంటే చిన్న వేలు, దాన్ని పక్కకి చాపి నిమిషాల తరబడి నొక్కిపట్టాలి. ఆట సెట్టింగుల్లోకి వెళ్లి ఆ పనిని మౌస్ పక్క బటన్‌కో, బొటనవేలి దగ్గరుండే వేరే మీటకో మార్చుకోవచ్చు. ఐదు నిమిషాల పని. మొదటి వారం చికాకుగా ఉంటుంది, ఓడిపోతారు కూడా. తర్వాత అలవాటవుతుంది.

మౌస్: పెట్టె మీది అంకె కాదు, మీ అరచెయ్యి

మౌస్ పెట్టె మీద పెద్ద అక్షరాలతో 25,000 డీపీఐ అని రాసి ఉంటుంది. కుర్రాళ్లు దాన్ని పరీక్షల్లో మార్కుల్లా చూస్తారు. మౌస్ ఒక అంగుళం కదిలితే కంప్యూటర్‌కి ఎన్ని అడుగులుగా లెక్క పంపుతుందన్నదే ఆ అంకె. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటి ఆటల్లో జీతాలు తీసుకుని ఆడే నిపుణులు ఎక్కువగా వాడేది 400 నుంచి 1600 మధ్య. మిగతా ఇరవై మూడు వేలు మీరు పెట్టెకి కట్టే డబ్బు.

ఇందులో ఆరోగ్యం సంగతి కూడా ఉంది. మౌస్ మరీ చురుగ్గా ఉంటే గుండుసూది మొనంత కదలిక చాలు. అంత సూక్ష్మమైన పని కోసం మణికట్టు, వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. వేగం తగ్గిస్తే మౌస్‌ని ఎక్కువ దూరం జరపాలి. ఆ పని మోచేతి నుంచి మొత్తం ముంజేయి చేస్తుంది. పెద్ద కండరాలు పెద్ద పని చేయడం సహజం. అయితే దీనికీ ఒక షరతు ఉంది. టేబుల్ ఎత్తుగా ఉంటే ఆ భారం భుజానికి చేరుతుంది. నా సలహా 800 దగ్గర మొదలుపెట్టి, ఆటలోని వేగాన్ని చేతికి అనుకూలంగా సర్దుకోమని. మౌస్ కింద చిన్న చతురస్రపు ప్యాడ్ కాకుండా కనీసం 40 సెంటీమీటర్ల వెడల్పున్న గుడ్డ ప్యాడ్ వేసుకోండి. నోటుబుక్కు అట్ట మీద, మంచం దుప్పటి మీద మౌస్ తిప్పడం మానండి.

బరువు గురించి. ఇత్తడి బిందె కొనేటప్పుడు చేత్తో ఎత్తి 'బరువుంది, మంచిదే' అనుకుంటాం. మౌస్‌కి ఆ లెక్క తిరగేయాలి. పాత గేమింగ్ మౌస్‌లు 100 గ్రాములు దాటేవి. కొన్నిటికి అదనంగా ఇనుప బిళ్లలు కూడా ఇచ్చేవారు, ఇంకా బరువు పెంచుకోవడానికి. ఇప్పుడు 60 గ్రాముల చుట్టుపక్కలవి, అంతకంటే తేలికైనవీ దొరుకుతున్నాయి. ఒక రాత్రిలో ఎన్ని వందలసార్లు ఎత్తి పెడతారో ఆలోచించండి. డబ్బు పెట్టాల్సింది ఇక్కడ.

ఇక సైజు. చెయ్యి చాపి, మణికట్టు ముడత నుంచి మధ్యవేలి కొన దాకా టేపుతో కొలవండి. మౌస్ పొడవు అందులో దాదాపు 60 శాతం ఉంటే బాగుంటుందన్నది ఆడేవాళ్లు పాటించే ఓ మోటు లెక్క. 18 సెంటీమీటర్ల చేతికి 11 సెంటీమీటర్ల మౌస్. ఇది శాస్త్రం కాదు, చెప్పుల సైజు లాంటిది, వేసుకుని చూస్తేనే తెలుస్తుంది. అరచెయ్యి మొత్తం మౌస్ మీద పరిచి పట్టుకునేవాళ్లకి వీపు ఎత్తుగా, పొడవుగా ఉన్నది కావాలి. వేలికొనలతో మాత్రమే పట్టేవాళ్లకి చిన్నది. చిన్న మౌస్‌ని పెద్ద చేత్తో గోళ్లలా ముడిచి పట్టుకుంటే వేళ్ల టెండన్లు రాత్రంతా లాగిన తాడులా ఉంటాయి. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి ఇవేవీ తెలియవు. హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లయితే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి పిల్లవాణ్ని వెంట తీసుకెళ్లండి. వేరే ఊళ్లవాళ్లు అక్కడి కంప్యూటర్ షాపుకి. రెండు నిమిషాలు చేత్తో పట్టుకోనివ్వమని అడగండి. బొటనవేలు, చిటికెన వేలు నేలకి రాసుకోకుండా మౌస్ పక్కల మీద విశ్రాంతిగా ఆనుతున్నాయా చూడండి.

ఎడమచేతి వాటం పిల్లల్ని మనం ఇక్కడా మరిచిపోతాం. కుడిచేతికి మలిచిన మౌస్ వాళ్ల ఎడమచేతిలో రాయిలా ఉంటుంది. రెండు చేతులకీ పనికొచ్చేదని అమ్మేవాటిలో కూడా చాలావాటికి పక్క బటన్లు ఎడమవైపు మాత్రమే ఉంటాయి, అంటే కుడిచేతి బొటనవేలికే. ఈ పిల్లల్లో చాలామంది కుడిచేత్తోనే ఆడటం నేర్చేసుకుంటారు, అది బాగానే సాగితే బలవంతంగా మార్చొద్దు. ఎడమచేత్తో ఆడేవాడైతే మాత్రం రెండువైపులా బటన్లున్న మౌస్ వెతికి కొనండి.

బొటనవేలి దగ్గర పన్నెండు బటన్లు పేర్చిన మౌస్‌లు కొన్ని ఉన్నాయి. అంతగా అవసరమైన ఆట కాకపోతే వద్దంటాను. బొటనవేలిని పక్కకి లాగే టెండన్లు మణికట్టు అంచున సన్నని గొట్టంలోంచి వెళ్తాయి. అక్కడ వచ్చే వాపుని ఫ్రిట్జ్ డి కెర్వైన్ అనే స్విట్జర్లాండ్ సర్జన్ 1895లోనే వివరించాడు. చంటిబిడ్డల్ని ఎత్తుకునే తల్లుల్లో ఈ నొప్పి మేం తరచూ చూస్తాం. ఆటలకీ బొటనవేలికీ ఉన్న వైరం కూడా కొత్తది కాదు. ఐదు గంటలు ఆపకుండా నింటెండో ఆడి బొటనవేలి నొప్పి తెచ్చుకున్న 35 ఏళ్ల మహిళ గురించి 1990లో ఓ అమెరికన్ వైద్య పత్రికలో ఉత్తరం అచ్చయింది. నింటెండినైటిస్ అని పేరు పెట్టారు. ఇప్పుడు ఫోన్లో బీజీఎంఐ ఆడే మన పిల్లల బొటనవేళ్లు చేసేది అదే పని.

నిలువుగా కరచాలనం చేసినట్టు పట్టుకునే మౌస్‌ల గురించి కూడా అడుగుతుంటారు. ఆఫీసు పని చేసేవాళ్లలో కొందరికి ముంజేయి నొప్పి తగ్గుతుంది. షూటింగ్ ఆటకి అది కుదరదు. పిల్లాడు రెండు రోజులు వాడి అటకెక్కిస్తాడు. ఆ మాటకొస్తే, పెట్టె మీద 'ఎర్గోనామిక్' అని ఉన్నంత మాత్రాన అది మందు కాదు. ఆ మాట ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు.

టేబుల్ ఎత్తు, చిప్స్ ప్యాకెట్టు

మూడు వేలు ఉన్నాయనుకోండి. నన్నడిగితే ముందు కూర్చునే చోటు, తర్వాత మౌస్, తర్వాత కీబోర్డు. లైట్లు అన్నిటికంటే చివర. మన ఇళ్లలో డైనింగ్ టేబుల్, చదువుకునే బల్ల రెండూ పొట్టి పిల్లలకి ఎత్తే. కూర్చున్నప్పుడు మోచెయ్యి బల్ల ఎత్తుకి సమానంగా రావాలి. రాకపోతే కుర్చీలో దుప్పటి మడిచి వేయండి. కాళ్లు గాల్లో వేలాడితే కింద పీట పెట్టండి. బల్ల అంచు మోచేతి లోపలివైపు ఒత్తుకోకుండా చూడండి. దెబ్బ తగిలితే కరెంటు కొట్టినట్టు జివ్వుమనే చోటు ఉంటుందే, అక్కడ ఇంకో నరం చర్మం కిందే ఉంటుంది. అది నలిగితే చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతాయి.

ల్యాప్‌టాప్‌తో ఆడేవాళ్లకి విడిగా కీబోర్డు, మౌస్ కొనడం విలాసం కాదు. అవి ఉంటే ల్యాప్‌టాప్‌ని నాలుగు లావుపాటి పుస్తకాల మీద పెట్టి తెరని కళ్ల ఎత్తుకి తేవచ్చు. మెడ వంగడం తగ్గుతుంది. ఇంటర్ నాటి కోచింగ్ మెటీరియల్ చక్కగా సరిపోతుంది, ఎలాగూ పారేయరు కదా.

ఇన్ని చెప్పాక ఇంకోటి చెప్పకపోతే డాక్టర్ని అనిపించుకోను. వస్తువు ఎంత మంచిదైనా ఐదు గంటల ఆటని అది మోయలేదు. అరగంటకో, ఒక మ్యాచ్ అవ్వగానేనో లేచి నాలుగడుగులు వేయాలి, చేతులు దులపాలి. హాయ్ లామ్ అనే అమెరికన్ ప్రొఫెషనల్ ఆటగాడు మణికట్టు గాయం కారణంగా 2015లో తన జట్టు నుంచి తప్పుకున్నాడు. మంచి పరికరాలు కొనలేనివాడేం కాదు. ఫిజీషియన్‌గా నన్ను ఇంకా ఎక్కువ భయపెట్టిన పేరు మరొకటి. ఉజి అని పిలిచే చైనా ఆటగాడు, ప్రపంచంలో పేరుమోసినవాడు, 2020 జూన్‌లో 23 ఏళ్లకే ఆట మానుకుంటున్నానని ప్రకటించాడు. ఒత్తిడి, ఊబకాయం, వేళాపాళా లేని తిండి, రాత్రి జాగరణల వల్ల తనకి టైప్ 2 షుగరు వచ్చిందని చెప్పాడు. తర్వాత మళ్లీ ఆటలోకి వచ్చాడు, అది వేరే సంగతి. షుగరు లేని ఇల్లు వెతికి చూపించాల్సిన మన దగ్గర, రాత్రి రెండింటికి చిప్స్ ప్యాకెట్టు, కూల్‌డ్రింక్ సీసా పక్కన పెట్టుకుని కూర్చున్న ఇరవై ఏళ్లవాడి మణికట్టు కంటే నడుము చుట్టుకొలత నన్ను ఎక్కువ కలవరపెడుతుంది.

ఆట మీద అదుపు పోయి, చదువు, స్నానం, భోజనం వెనక్కి పోయి, నష్టం కనిపిస్తున్నా ఆపలేని స్థితి నెలల తరబడి ఉంటే అది కీబోర్డు సమస్య కాదు. గేమింగ్ డిజార్డర్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన కొత్త వ్యాధుల జాబితాలో చేర్చింది, 2022 జనవరి నుంచి అది అమల్లో ఉంది. అలాంటప్పుడు మానసిక వైద్యుల్ని కలవండి. కేబుల్ పీకేయడం, మౌస్ దాచేయడం వల్ల ఇంట్లో గొడవ తప్ప ఏమీ మిగలదు.

మా బీటెక్ కుర్రాడి దగ్గరికి వస్తే, వాళ్ల నాన్న అప్పటికే ఆరు వేలు పోసి, వాయిదాల్లో ఆ కీబోర్డు, మౌస్ కొనిచ్చారు. మళ్లీ కొనమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. వెనుక కాళ్లు మడిపించాను. కీబోర్డుని ఎడమవైపుకి జరిపి, కాస్త ఏటవాలుగా తిప్పి, మౌస్‌ని భుజానికి సూటిగా తెచ్చుకోమన్నాను. రాత్రిళ్లు మణికట్టుకి స్ప్లింట్ కట్టుకోమన్నాను. మూడింటి దాకా కాకుండా పన్నెండింటికి ఆపడానికి ఒప్పుకున్నాడు. నేను పదకొండు అన్నాను, బేరమాడాడు. అంకెల గడి లేనిది ఎప్పుడైనా దొరికితే తీసుకోమని మరిచిపోకుండా చీటీ చివర రాశాను. ఆ చీటీతో మందుల కౌంటర్‌కి వెళ్తే అక్కడి ఫార్మసిస్టు గారు, "ఇది మన దగ్గర సప్లై లేదు, బయట కొనుక్కో బాబూ" అన్నారట. రెండు నెలలకి తిమ్మిర్లు చాలావరకు తగ్గాయి. బొటనవేలి మొదట్లో నొప్పి ఎక్కువసేపు రాస్తే ఇప్పటికీ వస్తోంది. సప్లిమెంటరీలో ఆఖరి పేజీల్లో అక్షరాలు వంకర్లు పోయాయట, కానీ ఒక్క ప్రశ్న కూడా వదల్లేదట.

మీ ఇంట్లో ఎవరికైనా వేళ్లు తిమ్మిరెక్కి నిద్రలో మెలకువ వస్తున్నా, చెయ్యి దులిపితే గానీ తగ్గకపోయినా, చేతిలో వస్తువులు జారిపోతున్నా ఆలస్యం చేయకండి. బొటనవేలి కింద ఉండే కండ చదునవుతున్నట్టు కనిపిస్తే అసలే ఆగకండి, నరం చాలాకాలంగా నలుగుతోందని అర్థం. అది దాటిపోతే ఆపరేషన్ చేసినా పాత బలం పూర్తిగా రాకపోవచ్చు. ఓపీలో మాకు ఒక్కొక్కరికి దొరికేవి కొద్ది నిమిషాలే. ఏ వేళ్లు, ఏ సమయంలో, రోజుకి ఎన్ని గంటల ఆట అన్నది ఒక కాగితం మీద రాసుకుని రండి. ఫోన్లో మీ టేబుల్ ఫొటో ఒకటి, మౌస్ పట్టుకున్న చేతి ఫొటో ఒకటి తెచ్చుకోండి. డాక్టరు అడగకపోతే మీరే చూపించండి.